ఆల్కలైన్ నీరు: పీహెచ్ అంకె, ఆరోగ్యం, మంజీర ఒడ్డు

ఆల్కలైన్ నీరు అంటే క్షార గుణం కాస్త ఎక్కువగా ఉన్న తాగునీరు. పీహెచ్ 8 నుంచి 10 దాకా ఉన్న నీటిని మార్కెట్లో ఈ పేరుతో అమ్ముతారు. సీసాల్లో వచ్చేది ఒక రకం. కరెంటుతో నీటిని విడగొట్టే అయొనైజర్ యంత్రం నుంచి పట్టుకునేది మరో రకం. ఆర్వో ఫిల్టరు చివర ఖనిజ గుళికల కాట్రిడ్జ్ తగిలించి తీసేది మూడో రకం. ఈ నీరు తాగితే ఒంట్లో ఆమ్లం తగ్గుతుందని, కీళ్లనొప్పులు, షుగరు, బీపీ, చివరికి క్యాన్సర్ కూడా దారికి వస్తాయని ప్రచారం. ఇందులో నిజం పాలు చాలా తక్కువ. అయితే పూర్తిగా సున్నా కూడా కాదు. ఆ కొద్దిపాటి నిజం ఎక్కడ ఉందో, దాని చుట్టూ అల్లిన మాటలు ఎక్కడ తేలిపోతాయో తెలుసుకోవడం అవసరం, ఎందుకంటే ఈ యంత్రాలు లక్షల్లో పలుకుతాయి. కొనేవాళ్లలో దీర్ఘరోగాలతో విసిగినవాళ్లు ఎక్కువ.

కామారెడ్డి జిల్లా బీర్కూర్ లాంటి చోట ఈ ప్రశ్న ఇంకో రకంగా ఎదురవుతుంది. మంజీర ఒడ్డున, నిజాంసాగర్ నీటితో బతికే ఈ ప్రాంతానికి క్షారం కొత్త సరుకు కాదు. పొలంలో చౌడుగా, బోరు నీటిలో ఉప్పదనంగా, వండిన అన్నం రంగులో అది ముందునుంచీ ఉన్నదే.

పీహెచ్ చెప్పేది, చెప్పనిది

1909లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ఎంజైముల మీద పనిచేస్తూ రసాయన శాస్త్రవేత్త సోరెన్ సోరెన్సెన్ పీహెచ్ కొలమానాన్ని ప్రవేశపెట్టాడు. 7 తటస్థం, అంతకు తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. ఒక్క అంకె మారితే గాఢత పది రెట్లు మారుతుంది. నిమ్మరసం 2 దగ్గర ఉంటుంది. చింతపండు పులుసు 3, 4 మధ్య, మజ్జిగ 4, 4.5 మధ్య, పాలు 6.6 చుట్టుపక్కల, తినే సోడా కలిపిన నీళ్లు 8.3 దగ్గర ఉంటాయి. పీహెచ్ 6 ఉన్న నీళ్లు తాగితే ఒంటికి ఆమ్లం పడుతుందని భయపెట్టే మాట నిజమే అయితే, రోజూ పచ్చిపులుసు, మజ్జిగ పోసుకుని అన్నం తినే తెలంగాణ ఇళ్లలో ఒక్కరి ఆరోగ్యమూ నిలవకూడదు.

పీహెచ్ అనేది క్షారం ఎంత ఘాటుగా ఉందో చెబుతుంది తప్ప ఎంత మొత్తం ఉందో చెప్పదు. చిటికెడు గొడ్డుకారం నాలుక మండించవచ్చు, కానీ దానితో గంపెడు మామిడి ముక్కల తొక్కు పెట్టలేం. నీటి విషయంలో ఆ మొత్తాన్ని తెలిపే కొలత వేరే ఉంది. దాన్ని క్షారత లేదా ఆల్కలినిటీ అంటారు. నీటిలో కరిగిన బైకార్బొనేట్లే ఇందులో ప్రధాన భాగం. ఆమ్లాన్ని తట్టుకునే శక్తి వీటికే ఉంటుంది.

ఈ తేడా తెలిస్తే వ్యాపారం గుట్టు సగం విడిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం అర్వైన్ శాఖకు చెందిన యూరాలజీ పరిశోధకులు దుకాణాల్లో దొరికే ఆల్కలైన్ సీసాలను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రచురించారు. పీహెచ్ దాదాపు 10 దాకా ఉన్నా, లీటరుకు క్షారం 0.1 మిల్లీ ఈక్వివలెంట్ (క్షారం మొత్తాన్ని కొలిచే ప్రమాణం) మాత్రమే ఉంది. ఆల్కలినిటీ లీటరుకు 300 మిల్లీగ్రాములున్న మామూలు బోరు నీటిలో 6 మిల్లీ ఈక్వివలెంట్ల క్షారం ఉంటుంది. అంటే ఆ సీసాలో ఉన్నదానికి అరవై రెట్లు. పీహెచ్ మీటరు పెట్టి చూస్తే మాత్రం ఆ బోరు నీరు 7.5 దగ్గరే ఆగి, సీసా నీటి ముందు వెలవెలబోతుంది.

మంజీర ఒడ్డు నీళ్లు

మహారాష్ట్ర బీడ్ జిల్లాలోని బాలాఘాట్ కొండల్లో పుట్టిన మంజీర కర్ణాటక దాటి తెలంగాణలోకి వస్తుంది. సింగూరు, నిజాంసాగర్ జలాశయాల మీదుగా సాగి, బీర్కూర్ మండలంలోని బరంగెడ్గి, దామరంచ గ్రామాల పక్కగా పారి, కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్‌తో ఈ నేల స్వరూపమే మారింది. ఇంజినీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్ ఆధ్వర్యంలో కట్టిన ఆ ప్రాజెక్టు కాలువలు మెట్ట పొలాలను వరి మాగాణులుగా మార్చాయి. దక్కను నదుల నీరు సహజంగానే కొద్దిగా క్షారం. శిలల మీదుగా పారుతూ కాల్షియం, మెగ్నీషియం, బైకార్బొనేట్లను కరిగించుకుంటుంది కాబట్టి పీహెచ్ సాధారణంగా 7.5, 8.5 మధ్య ఉంటుంది. మంజీర నీళ్లు తాగి పెరిగినవాళ్లు ఎవరూ కొనిపెట్టకుండానే ఆల్కలైన్ నీళ్లు తాగినట్టు లెక్క.

నీళ్లు పారిన మాగాణికి మురుగు పోయే దారి లేకపోతే చౌడు పడుతుంది. నేల కింది లవణాలు తడితోపాటు పైకి తేలి, ఎండాకాలం వచ్చేసరికి పొలంలో తెల్లటి పొర కడుతుంది. అందులో సోడియం పాలు పెరిగి, పీహెచ్ 8.5 దాటితే రైతులు దాన్ని కారుచౌడు అంటారు. మట్టి బిగుసుకుపోతుంది, నీరు ఇంకదు, వరి నారు పసుపు పచ్చబడి గిడసబారుతుంది. జిప్సం వేసి నీళ్లు పెట్టి తీసేయడం, జీలుగ చల్లి పూతకు రాకముందే కలియదున్నడం దీనికి మందు. బీర్కూర్‌కు దగ్గర్లోనే రుద్రూరులో చెరకు, వరి పరిశోధనా కేంద్రం ఉంది. అక్కడి శాస్త్రవేత్తలకైనా, చౌడుతో వేగిన రైతుకైనా క్షారం అన్న మాట వింటే ఆరోగ్యం గుర్తుకు రాదు. మితిమీరితే పైరును చంపే గుణం అది.

ఇంట్లో క్షారం గుర్తుపట్టేది అన్నం కుండ దగ్గర. కొన్ని బోర్ల నీళ్లతో వండితే అన్నం మల్లెపువ్వులా తెల్లగా రాదు, లేత పసుపు రంగు తిరుగుతుంది. బియ్యంలో సహజంగా ఉండే ఫ్లావనాయిడ్ పదార్థాలు క్షారం తగిలితే పచ్చబడతాయి, అంతే. తిన్నవాళ్లకు దానివల్ల కీడు లేదు. పప్పు ఉడకకపోవడం వేరే సంగతి. అది కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైన కఠిన జలం లక్షణం. అదే నీటిలో సబ్బుకు కూడా నురగ రాదు. అప్పుడు చిటికెడు తినే సోడా వేస్తే పప్పు మెత్తబడుతుంది. అయితే ఆ క్షారానికి పప్పులోని బి1 విటమిన్ చాలావరకు నశిస్తుంది. ఈ చిన్న వంటింటి సంగతి క్షారం ఎప్పుడూ మంచే చేస్తుందన్న నమ్మకాన్ని అక్కడికక్కడే తప్పని చూపిస్తుంది.

అన్నం రంగు, నీటి ఉప్పదనం, గిన్నెల అడుగున పేరుకునే తెల్లటి సున్నపు పొర చూసి జనం ఆర్వో నీళ్ల వైపు మళ్లారు. ఊరూరా వెలసిన మినరల్ వాటర్ ప్లాంట్ల దగ్గర ఇరవై లీటర్ల క్యాన్ నింపుకుని బండికి తగిలించుకుని పోవడం ఇప్పుడు పొద్దుటి పనుల్లో ఒకటి. ఆర్వో పొర లవణాలతోపాటు బైకార్బొనేట్లను కూడా ఆపేస్తుంది. అవి పోయిన నీటికి ఆమ్లాన్ని తట్టుకునే బలం ఉండదు. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ కొద్దిగా కరిగినా పీహెచ్ 6 దగ్గరికి పడిపోతుంది. సరిగ్గా ఈ బలహీనత మీదే ఆల్కలైన్ వ్యాపారం నిలబడింది. బోరు నీటిలోని బైకార్బొనేట్లను ఒక యంత్రంతో తీసేసి, ఆ గుణాన్నే ఇంకో కాట్రిడ్జ్‌తో డబ్బు పోసి తిరిగి తెచ్చుకోవడం అన్నమాట. లీటరుకు 500 మిల్లీగ్రాముల కన్నా తక్కువ టీడీఎస్ (కరిగి ఉన్న లవణాల మొత్తం) ఉన్న నీటికి ఆర్వో అక్కర్లేదని, అలాంటి చోట్ల దాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో ఆదేశించడానికి నీటి వృథాతోపాటు ఖనిజాల నష్టం కూడా కారణమే.

ఒంట్లో ఏం జరుగుతుంది

మనిషి రక్తం పీహెచ్ 7.35, 7.45 మధ్య ఉంటుంది. ఏం తిన్నా, ఏం తాగినా ఆరోగ్యవంతుల్లో అది ఈ గీత దాటదు. రక్తంలోని బైకార్బొనేట్ వచ్చిన ఆమ్లాన్ని అక్కడే పట్టుకుంటుంది. ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను బయటికి పంపుతాయి. మూత్రపిండాలు మిగిలిన ఆమ్లాన్ని మూత్రంలో వదిలి, బైకార్బొనేట్‌ను మళ్లీ తయారుచేస్తాయి. మూత్రం పీహెచ్ 4.5 నుంచి 8 దాకా ఊగుతూ ఉండటం ఈ పని సరిగా సాగుతోందనడానికి గుర్తు. అందుకే పేపరు ముక్కతో మూత్రం పరీక్షించి "మీ ఒంట్లో ఆమ్లం ఎక్కువుంది" అనడం అర్థం లేని మాట. రక్తం పీహెచ్ నిజంగా 7.35 కిందికి పడితే ఆ మనిషి యంత్రం కొనే స్థితిలో ఉండడు, ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుంది.

తాగిన నీరు ముందు చేరేది జీర్ణాశయానికి. అక్కడి రసం పీహెచ్ 1.5 నుంచి 3.5 దాకా ఉంటుంది. అయొనైజర్ నుంచి వచ్చిన పీహెచ్ 9.5 నీటిలోని హైడ్రాక్సైడ్ లెక్క కడితే లీటరుకు 0.03 మిల్లీమోల్. పీహెచ్ 1.5 ఉన్న జఠర రసం ఒక్క మిల్లీలీటరులో ఉన్న ఆమ్లం దాన్ని చెల్లుకు చెల్లు చేసేస్తుంది. జీర్ణాశయం రోజుకు లీటరున్నర, రెండు లీటర్ల రసం ఊరుస్తుంది. లీటరు నీటి "క్షార శక్తి" ఒక చెంచాలో అయిదో వంతు రసానికి సరిపోతుంది. నీటిలో సహజ బైకార్బొనేట్ ఉంటే ఇంకొంచెం పని చేస్తుంది. కానీ ఆ పని బోరు నీరు కూడా చేస్తుంది.

ఆమ్లం తగ్గించాలన్నది నిజంగా వైద్య అవసరమైనప్పుడు డాక్టర్లు వాడేది వేరు. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బులో రక్తంలో బైకార్బొనేట్ పడిపోతే సోడియం బైకార్బొనేట్ మాత్రలు ఇస్తారు. ఒక్క గ్రాము తినే సోడాలో దాదాపు 12 మిల్లీ ఈక్వివలెంట్ల క్షారం ఉంటుంది. పైన చెప్పిన సీసా నీటితో అంత క్షారం తెచ్చుకోవాలంటే 120 లీటర్లు తాగాలి. మూత్రపిండాల్లో యూరిక్ ఆమ్లపు రాళ్లున్నవారికి మూత్రాన్ని క్షారం వైపు తిప్పడం కోసం పొటాషియం సిట్రేట్ రాస్తారు. నిమ్మకాయ, బత్తాయి, నారింజ పుల్లగా ఉన్నా వాటిలోని సిట్రేట్ ఒంట్లో బైకార్బొనేట్‌గా మారుతుంది. అర్వైన్ పరిశోధకులు కూడా రాళ్ల రోగులకు ఆల్కలైన్ సీసాల కన్నా నారింజ రసం, సోడా మాత్రలే పనికొస్తాయని తేల్చారు. కూరగాయలు, పండ్లు ఎక్కువగా తినేవారి మూత్రం పీహెచ్ పెరగడానికి కారణం కూడా ఇదే. క్షారం కావాలనుకునేవారికి కంచంలో ఉన్నంత దారి కుళాయిలో లేదు.

ప్రయోగాల్లో తేలింది

ఆల్కలైన్ నీటి పక్షాన చెప్పుకోదగ్గ మాట గొంతుకు ఎగదన్నే ఆమ్లం విషయంలో ఉంది. జీర్ణాశయంలోని పెప్సిన్ అనే ఎంజైము గొంతు దాకా వచ్చి అక్కడి కణాలకు అంటుకుంటే, మళ్లీ ఆమ్లం తగిలినప్పుడల్లా మంట పుట్టిస్తుంది. పీహెచ్ 8.8 ఉన్న సహజ బైకార్బొనేట్ నీరు పరీక్షనాళికలో ఈ పెప్సిన్‌ను శాశ్వతంగా నిర్వీర్యం చేస్తుందని అమెరికా వైద్యురాలు జేమీ కౌఫ్‌మన్, ఆమె సహ పరిశోధకురాలు 2012లో చూపించారు. ఇది ఆసక్తి కలిగించే ఫలితమే, అయితే పరీక్షనాళిక గొంతు కాదు. ఐదేళ్ల తర్వాత వైద్యుడు క్రెయిగ్ జాల్వన్ బృందం ఇలాంటి గొంతు సమస్య ఉన్న రోగుల పాత రికార్డులు తిరగేసింది. ఆమ్లం తగ్గించే మాత్రలు వాడినవారిలో 54.1 శాతం మందికి లక్షణాలు గుర్తించదగినంత తగ్గితే, శాకాహారం ప్రధానమైన మధ్యధరా భోజనం, ఆల్కలైన్ నీరు కలిపి తీసుకున్నవారిలో 62.6 శాతం మందికి తగ్గాయి. మందు లేకుండా అంత ఫలితం రావడం మంచి సంగతే. కానీ మాంసం, పాలు, వేపుళ్లు తగ్గించినందువల్ల వచ్చిన మేలు ఎంతో, నీటివల్ల వచ్చింది ఎంతో విడదీసి చెప్పే వీలు ఆ అధ్యయనంలో లేదు.

యంత్రాల అమ్మకందారులు జపాన్ అనుమతిని పదేపదే ఎత్తుతారు. 1960లలోనే అక్కడి ఆరోగ్య మంత్రిత్వ శాఖ క్షార నీటి యంత్రాలను గృహ వైద్య పరికరాలుగా అనుమతించిన మాట వాస్తవం. అయితే ఆ అనుమతి అజీర్తి, కడుపులో మంట, విరేచనాలు లాంటి జీర్ణ సమస్యలకే పరిమితం. షుగరుకు, బీపీకి, క్యాన్సర్‌కు కాదు. 2000లో జపాన్‌లో 163 మందిపై, తాగేది ఏ నీరో రోగికీ వైద్యుడికీ తెలియకుండా చేసిన ప్రయోగంలో కడుపు ఇబ్బందుల్లో కొద్దిపాటి మెరుగు కనిపించింది. ఒక దేశం అంగీకరించిన చిన్న మేలును చూపి పెద్ద జబ్బులకు హామీ ఇవ్వడమే ఈ ప్రచారంలోని అసలు దోషం.

మరో ప్రయోగం వ్యాయామం చేసేవాళ్ల మీద. 2016లో వంద మంది ఆరోగ్యవంతులు చెమటోడ్చి, ఆ తర్వాత కొందరు క్షార నీరు, కొందరు మామూలు సీసా నీరు తాగారు. క్షార నీరు తాగినవారిలో రక్తం చిక్కదనం 6.30 శాతం తగ్గితే, రెండో వర్గంలో 3.36 శాతం తగ్గింది. దీనికి ఖర్చు పెట్టుకున్నది క్షార నీరు అమ్మే కంపెనీయే. రెండు గంటల్లో కనిపించిన ఆ తేడా వల్ల గుండెకు మేలు జరుగుతుందని ఎవరూ నిరూపించలేదు.

ఎముకల విషయంలో కథ మరీ మెలికలు తిరిగింది. ఆహారంలోని ఆమ్లాన్ని చల్లార్చడానికి శరీరం ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తుందని ఒకప్పుడు వైద్యులు కూడా అనుకున్నారు. కెనడా పరిశోధకురాలు టాన్యా ఫెంటన్ 2009లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి లెక్కవేసి, ఆమ్ల ఆహారం వల్ల ఒంట్లోని కాల్షియం నిల్వ తరగడం లేదని చూపించారు. అదే ఏడాది స్విట్జర్లాండ్‌లో యువతులపై జరిగిన మరో అధ్యయనంలో బైకార్బొనేట్ దండిగా ఉన్న ఖనిజ జలం ఎముక అరుగుదల సూచికలను తగ్గించింది. అందులో పనిచేసింది ఊట నీటిలోని నిజమైన బైకార్బొనేట్. కరెంటు పెట్టి పీహెచ్ పెంచిన నీటికి ఆ ఫలితాన్ని ఆపాదించడం కుదరదు.

క్యాన్సర్ మాట

"క్షార వాతావరణంలో క్యాన్సర్ బతకదు, దీనికే నోబెల్ ఇచ్చారు" అనే సందేశం వాట్సాప్‌లో చాలామందికి వచ్చే ఉంటుంది. జర్మన్ శాస్త్రవేత్త ఓటో వార్‌బర్గ్‌కు 1931లో నోబెల్ వచ్చింది, కణాల శ్వాసక్రియలోని ఎంజైము మీద చేసిన పనికి. క్యాన్సర్ కణాలు గ్లూకోజును పులియబెట్టి లాక్టిక్ ఆమ్లాన్ని వదులుతాయని ఆయన 1920లలో గమనించాడు. అంటే కణితే తన చుట్టూ ఆమ్లం పుట్టిస్తుంది, ఆమ్లం కణితిని పుట్టించడం కాదు. తాగిన నీళ్లతో ఆ కణితి చుట్టూ ఉన్న పీహెచ్‌ను మార్చాలంటే ముందు రక్తం పీహెచ్ మారాలి, అది మారదు. 2016లో ఫెంటన్ బృందం ఎనిమిది వేలకు పైగా వ్యాసాల పట్టికను జల్లెడ పడితే, ప్రమాణాలకు తూగిన అధ్యయనం ఒక్కటే మిగిలింది. అది కూడా మూత్రాశయ క్యాన్సర్‌కు, ఆహారంలోని ఆమ్లానికి సంబంధం లేదని చెప్పింది. ఆల్కలైన్ నీటికీ క్యాన్సర్‌కూ సంబంధం చూపే అధ్యయనం ఒక్కటీ దొరకలేదు.

ఈ నమ్మకం ప్రాణాల మీదికి తెస్తుంది. "పీహెచ్ మిరాకిల్" పుస్తకాలతో ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న అమెరికా రచయిత రాబర్ట్ యంగ్ లైసెన్సు లేకుండా వైద్యం చేసినందుకు 2016లో దోషిగా తేలి, మరుసటి ఏడాది జైలు శిక్ష అనుభవించాడు. అతని మాట విని కీమోథెరపీ మానుకున్న రొమ్ము క్యాన్సర్ రోగికి 2018లో శాన్‌డియాగో కోర్టు జ్యూరీ 10.5 కోట్ల డాలర్ల పరిహారం ప్రకటించింది. అప్పటికే ఆమె జబ్బు నాలుగో దశకు చేరింది.

ఫ్లోరైడ్ ఉండేది ఎక్కువగా క్షార నీటిలోనే

తెలుగు నేల మీద క్షార నీటి గురించి చెప్పాల్సిన అతి ముఖ్యమైన సంగతి ఏ అమ్మకందారూ చెప్పరు. గ్రానైట్ శిలల్లోని ఫ్లోరైడ్‌ను బాగా కరిగించేది సోడియం బైకార్బొనేట్ ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉండి, పీహెచ్ క్షారం వైపు ఒరిగిన భూగర్భ జలమే. కాల్షియం దండిగా ఉంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గడ్డకట్టి అడుగున ఉండిపోతుంది. క్షారం పెరిగి కాల్షియం తగ్గితే నీటిలోకి వచ్చేస్తుంది. నల్లగొండ మునుగోడు, మర్రిగూడ ప్రాంతాల్లో తరాలకు తరాలను వంచేసిన నీరు ఈ కోవకు చెందినదే.

మన దేశంలో ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మొదట వైద్య పత్రికకెక్కించినది కూడా తెలుగు ప్రాంతం నుంచే. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే ముగ్గురు అప్పటి నెల్లూరు జిల్లాలోని పల్లెల్లో బిగుసుకుపోయిన వెన్నులు, కదలని కీళ్లు చూసి నీటిలోని ఫ్లోరైడే కారణమని రాశారు. 1955లో నల్లగొండ రోగుల గురించి సిద్దిఖీ బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. 1973లో హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి ఫ్లోరోసిస్ ఊళ్లలో కౌమార దశ పిల్లల మోకాళ్లు లోపలికి వంగిపోవడాన్ని లాన్సెట్ పత్రికలో వివరించారు. ఆ ఊళ్లలో పండిన జొన్నల్లో మాలిబ్డినం ఎక్కువగా ఉందని అదే సంస్థ తర్వాత గుర్తించింది. నేలలో క్షారం పెరిగితే పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా పీల్చుకుంటుంది. అది ఒంట్లోని రాగిని తగ్గిస్తుంది. నీటిలో, నేలలో క్షారం ఎక్కువైతే జరిగే అనర్థం ఎంత లోతుగా పోతుందో ఈ గొలుసు చూస్తే తెలుస్తుంది.

పటికతో, సున్నంతో ఫ్లోరైడ్‌ను గడ్డకట్టించి తీసే "నల్లగొండ పద్ధతి"ని నాగపూర్‌లోని నీరి పర్యావరణ పరిశోధనా సంస్థ 1970లలో రూపొందించింది. ఆ పేరుతోనే అది ఆఫ్రికా దేశాల దాకా వెళ్లింది. 2016 ఆగస్టు 7న గజ్వేల్ దగ్గర కోమటిబండలో ప్రారంభమైన మిషన్ భగీరథ నదుల నీటిని ఇళ్లకు చేర్చడంతో బోరు మీద ఆధారం తగ్గింది. తెలంగాణలో తాగునీటి ఆరోగ్యానికి జరిగిన పెద్ద మేలు ఇది. పీహెచ్ పెంచినందువల్ల కాదు, ఫ్లోరైడ్ లేని నీరు వచ్చినందువల్ల.

డెమోలో చూపించేది

యంత్రం అమ్మేటప్పుడు బల్ల మీద రెండు గ్లాసులు పెడతారు. ఒకదాంట్లో ఆర్వో నీరు, ఇంకోదాంట్లో యంత్రం నీరు. రెండింట్లో రంగు చుక్కలు వేస్తారు. ఆర్వో నీరు పసుపు రంగుకు, యంత్రం నీరు నీలానికి లేదా ఊదాకు తిరుగుతుంది. ఆ చుక్కలు బడి ప్రయోగశాలలో ఉండే సూచిక ద్రావణమే. అది పీహెచ్ తేడా తప్ప మరేమీ చెప్పదు. పసుపు తిరిగిన గ్లాసులో చిటికెడు తినే సోడా వేస్తే అదీ నీలం వైపే పోతుంది.

రెండో ప్రదర్శన ఇంకా భయపెడుతుంది. నాలుగు లోహపు కడ్డీలున్న పరికరాన్ని కుళాయి నీరు, ఆర్వో నీరు ఉన్న రెండు గ్లాసుల్లో ముంచి కరెంటు పెడతారు. నిమిషంలో కుళాయి నీటి గ్లాసు గోధుమ, పచ్చ రంగు మడ్డిగా మారిపోతుంది, ఆర్వో నీరు తేటగా ఉండిపోతుంది. ఆ మడ్డి నీటిలోది కాదు, ఇనుప కడ్డీ కరిగి తుప్పుగా మారినది. లవణాలున్న నీటిలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి కడ్డీ త్వరగా కరుగుతుంది. లవణాల్లేని నీటిలో కరెంటు పారదు, కడ్డీ కరగదు. మంచి ఖనిజాలున్న మంజీర నీటిని కూడా ఈ పరికరం మురికి నీరుగా చూపిస్తుంది. నీళ్లంటే ప్రాణంతో సమానమనుకునే అమ్మమ్మలు, అమ్మలు ఆ రంగు చూసి బెదిరిపోయి, పంట డబ్బులు తీసి యంత్రానికి పెట్టడం బాధ కలిగించే విషయం.

యంత్రం లోపల జరిగేది తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమయ్యే విద్యుద్విశ్లేషణే. రుణధ్రువం వైపు క్షార నీరు, ధనధ్రువం వైపు ఆమ్ల నీరు వస్తాయి. రుణధ్రువం దగ్గర హైడ్రోజన్ వాయువు కూడా కొంత కరుగుతుంది. ఆ హైడ్రోజన్ ప్రభావం మీద 2007 నుంచి జపాన్‌లో పరిశోధనలు సాగుతున్నాయి. అది పీహెచ్‌కు సంబంధం లేని వేరే ప్రశ్న, దానికీ ఖాయమైన జవాబు ఇంకా రాలేదు.

క్షార నీటివల్ల హాని కూడా జరిగిన సందర్భం ఒకటుంది. అమెరికాలోని లాస్‌వేగాస్‌లో "రియల్ వాటర్" పేరుతో అమ్మిన ఆల్కలైన్ నీరు తాగి 2020 నవంబరులో ఐదుగురు పిల్లలు కాలేయం దెబ్బతిని ఆసుపత్రి పాలయ్యారు. 2021 మార్చిలో అమెరికా ఆహార, ఔషధ సంస్థ దాన్ని తాగవద్దని ప్రకటించింది. ఆ నీటిలో రాకెట్ ఇంధనంగా వాడే హైడ్రజీన్ అనే విషం ఉన్నట్టు తేలింది. 2023లో ఒక్క కేసులోనే జ్యూరీ బాధితులకు 22.8 కోట్ల డాలర్లకు పైగా పరిహారం ప్రకటించింది. ఇది పీహెచ్ వల్ల వచ్చిన జబ్బు కాదు, నీటికి గుణం పెంచుతామని రసాయనాలు కలిపినప్పుడు తయారీలో జరిగిన ఘోరం. ఆరోగ్యం పేరు చెప్పి అమ్మే నీటికి మామూలు నీటికన్నా గట్టి తనిఖీ కావాలని ఆ పిల్లల అనుభవం చెబుతోంది.

చట్టం, పరీక్ష

భారత ప్రమాణాల సంస్థ తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం పీహెచ్ 6.5, 8.5 మధ్య ఉండాలి. ఇందులో సడలింపు లేదు. అంటే 9, 9.5 పీహెచ్ అని గొప్పగా చెప్పే నీరు ఈ దేశపు తాగునీటి హద్దు దాటినట్టే. ప్రపంచ ఆరోగ్య సంస్థ పీహెచ్‌కు ఆరోగ్యం పేరిట పరిమితి పెట్టలేదు, ఆ స్థాయిల్లో ఉన్న నీటితో పీహెచ్ ఒక్కదాని వల్ల ఆరోగ్యానికి నేరుగా ముప్పు లేదు కాబట్టి. క్యాన్సర్, షుగరు లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటనలివ్వడాన్ని 1954 నాటి ఔషధ, అద్భుత చికిత్సల చట్టం నిషేధిస్తుంది. గొలుసుకట్టు పద్ధతిలో సభ్యులను చేర్చి డబ్బు దండుకునే అమ్మకాలను 2021 డిసెంబరులో వచ్చిన డైరెక్ట్ సెల్లింగ్ నిబంధనలు అడ్డుకుంటాయి. మోసపోయినవారు జిల్లా వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చు.

ఆరోగ్యంగా ఉన్నవారు ఆల్కలైన్ నీరు తాగితే సాధారణంగా కీడు జరగదు, డబ్బు పోతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు, పొటాషియం, మెగ్నీషియం అదుపులో పెట్టుకోవాల్సినవారు డాక్టరును అడగకుండా ఖనిజాలు కలిపే కాట్రిడ్జ్ నీళ్లు అలవాటు చేసుకోకూడదు. బీపీ, షుగరు మాత్రలు మానేసి ఈ నీటినే నమ్ముకోవడం అన్నిటికన్నా ప్రమాదం. చంటిపిల్లలకు యంత్రపు నీరు అసలే వద్దు.

బీర్కూర్ చుట్టుపక్కల సొంత బోరు నీరు తాగే ఇంటివారు పరీక్ష చేయిస్తే కాగితంలో ముందు చూడాల్సినవి నాలుగు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండటం మేలు, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్ 500 లోపు మంచిది, వేరే దారి లేకపోతే 2000 దాకా. కోలిఫాం బ్యాక్టీరియా అసలు ఉండకూడదు, ఉంటే మరిగించి చల్లార్చి తాగాలి. నాలుగోది నైట్రేట్, 45 మిల్లీగ్రాములు దాటకూడదు. యూరియా దండిగా పడే వరి ఆయకట్టులో, పశువుల కొట్టం పక్కనున్న లోతు తక్కువ బోర్లలో ఇది పెరిగే అవకాశం ఎక్కువ. మోతాదు మించితే చంటిపిల్లల రక్తం ఆక్సిజన్ మోయలేక ఒళ్లు నీలం తిరుగుతుంది. మరిగిస్తే నైట్రేట్ పోదు, నీరు ఆవిరై తగ్గేకొద్దీ దాని గాఢత ఇంకా పెరుగుతుంది. అలాంటి బోరున్న ఇంట్లో పసివాళ్ల పాలకు, మందులకు భగీరథ నల్లా నీళ్లే పట్టుకుని వాడాలి.